పనావిడతో పని కొలిచి మాట్లాడుకోవడం ఎలా

హైదరాబాదు అపార్టుమెంట్లలో ఇంటిపనికి మనిషిని కుదుర్చుకునే మాటలు సాధారణంగా గుమ్మం దగ్గరే, ఐదు నిమిషాల్లో ముగిసిపోతాయి. "ఎంతమంది ఉంటారమ్మా?" అని వచ్చినావిడ అడుగుతుంది, "నలుగురం" అని ఇంటావిడ చెబుతుంది. అంట్లు, ఇల్లు ఊడ్చి తుడవడం, బట్టలు అని మూడు పనుల పేర్లు వినిపిస్తాయి, ఒక్కో పనికి ఇంత అని లెక్క కట్టి, కాస్త బేరమాడి, ఒకటో తారీఖు నుంచి రమ్మంటారు. మూడు నెలలు తిరిగేసరికి గిన్నెలకు జిడ్డు వదలడం లేదనీ, మంచం కిందికి చీపురు పోవడం లేదనీ ఇంటావిడ ఫిర్యాదు. ఈ ఇంట్లో పనికి అంతు లేదనీ, చెప్పింది ఒకటి, చేయించుకునేది ఇంకొకటనీ పనావిడ కష్టం. ఇద్దరూ చెప్పేది నిజమే అయి ఉంటుంది, ఎందుకంటే ఆ ఐదు నిమిషాల్లో పనుల పేర్లు మాట్లాడుకున్నారు గానీ ఏ పని ఎంత ఉంటుందో, దానికి ఎంతసేపు పడుతుందో ఎవరూ మాట్లాడుకోలేదు.

ఇక్కడ చెప్పబోయేది రోజుకు గంటో రెండు గంటలో వచ్చి, అలాగే నాలుగైదు ఇళ్లు చేసుకునే ఆవిడతో పని ఎలా కుదుర్చుకోవాలి, కుదిరిన పనిని ఎలా నిలుపుకోవాలి అన్నది. ఇంట్లోనే ఉండి రోజంతా పనిచేసేవారి విషయం వేరు. వారి విశ్రాంతికీ, నిద్రకూ, భోజనానికీ సంబంధించిన బాధ్యతలు ఇంతకంటే చాలా పెద్దవి కనుక దానిని ఇందులో కలపడం లేదు.

ముందు మన ఇంటి పనిని మనమే కొలవాలి

"అంట్లు" అన్న ఒక్క మాట కింద ఎన్ని రకాల పని దాగి ఉంటుందో తోమేవారికే తెలుస్తుంది. మధ్యాహ్నం ఆఫీసులో తినే ఇద్దరు మనుషుల ఇంట్లో రెండు కంచాలు, ఒక కుక్కరు, ఒక మూకుడు ఉంటే, పెద్దవాళ్లూ పిల్లలూ ఉన్న ఇంట్లో ఇడ్లీ రేకులు, మిక్సీ జార్లు, అడుగంటిన పాలగిన్నె, పప్పు గుత్తి, చట్నీ గిన్నెలు, పెరుగు గిన్నెలు అన్నీ సింకులో చేరతాయి. రెండింటినీ "అంట్లు" అనే పిలుస్తాం.

మా ఇంట్లో పనిచేసే ఆవిడ రెండు వారాలు ఊరికి వెళ్లినప్పుడు ఆ పనులు నేనే గడియారం పెట్టుకుని చేసి చూశాను. రాత్రివీ, ఉదయం టిఫినువీ కలిపి అంట్లకు 40 నిమిషాలు పట్టింది. మూడు గదులు, హాలు, వంటిల్లు ఊడవడానికి 15, తుడవడానికి 25, బట్టలు మెషీన్లోంచి తీసి ఆరేసి, నిన్నటివి మడత పెట్టడానికి 20 నిమిషాలు. మొత్తం గంటా నలభై నిమిషాలు. ఆదివారం మాంసం వండిన మర్నాడు అంట్లే దాదాపు గంట తిన్నాయి. ఆవిడ మా ఇంటికి వచ్చేది ఏడున్నరకు. ఎనిమిదీ ముప్పావుకు పై అంతస్తులో మరో ఇంట్లో ఉండాలి. అంటే గంటా నలభై నిమిషాల పనిని ఆవిడ గంటంబావులో ముగించవలసి వస్తోంది. గిన్నెల దగ్గర ఆవిడ చేయి నాకంటే చురుకే కావచ్చు గానీ, నేల తుడవడంలో ఎంత చురుకైన చేయికైనా బట్ట ఉతికి పిండే సమయం తగ్గదు. మిగిలిన ఆ పాతిక నిమిషాలను రోజూ ఎక్కడో ఒకచోట కోసుకోక తప్పదు. మంచం కిందా, సింకు చుట్టూ, తలుపు వెనకా కోసుకుంటోంది. అంతకాలం నేను అలసత్వం అనుకున్నది నిజానికి తీసివేత లెక్క.

కాబట్టి కొత్తగా మనిషిని మాట్లాడుకునే ముందు ఒక వారం పాటు మీ ఇంటి పనిని ఇలాగే చూసుకోండి. రోజుకు సుమారు ఎన్ని గిన్నెలు పడుతున్నాయి, బట్టలు మెషీన్లో వేసేవా, చేత్తో ఉతికేవా, చేత్తో అయితే రోజుకు ఎన్ని, బాల్కనీలు ఎన్ని, కుక్కో పిల్లో ఉండి వెంట్రుకలు రాలుతాయా, నేల మీద పాకే పసిపిల్ల ఉందా, నెలలో ఎన్నిసార్లు చుట్టాలు వస్తారు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకోవాలి. కుదిరితే ఒక్క రోజైనా పూర్తిగా మీరే చేయండి. చేసినవారి మాటకూ, చూసినవారి మాటకూ ఉండే తేడా జీతం మాట్లాడేటప్పుడు వెంటనే తెలుస్తుంది.

మాట్లాడుకునే రోజు

ఆ మాటలు గుమ్మంలో నిలబెట్టి కాక లోపల కూర్చోబెట్టి మాట్లాడాలి. ముందు మనం చెప్పవలసినవి చెప్పేయడం కంటే ఆవిడను అడగవలసినవి అడగడం మేలు: ఎన్ని ఇళ్లు చేస్తున్నారు, ఎక్కడినుంచి వస్తారు, బస్సులోనా నడిచా, పిల్లల బడి వేళలు ఏమిటి, మన ఇంటినుంచి ఎన్ని గంటలకు కచ్చితంగా కదలాలి. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కావడం వల్ల కొంచెం దూరపు బస్తీలనుంచి కూడా పనికి రావడం సులువైంది గానీ, బస్సు ఆలస్యమైతే ఆవిడ రోజంతా వరసగా అన్ని ఇళ్లలోనూ ఆలస్యమవుతుంది. పావుగంట అటూ ఇటూ కావచ్చని ముందే ఒప్పుకుంటే రోజూ గడియారం వైపు చూసి ముఖం మాడ్చుకునే అవసరం ఉండదు. ఇంట్లో మగవాళ్లు మాత్రమే ఉండే వేళలో రావడం ఇబ్బందా అని కూడా అడగాలి. పనిచోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం మన ఇంటిని కూడా ఆవిడ పనిచేసే చోటుగానే చూస్తుంది, ఇంటిపని చేసేవారి ఫిర్యాదు జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి వెళుతుంది.

తరువాత పనులను రోజువారీ, వారపు, నెలవారీ, ఏడాదికోసారి చేసేవిగా విడదీసి చెప్పాలి. గొడవలు ఎక్కువగా వచ్చేది రోజువారీ పనుల్లో కాదు, "అప్పుడప్పుడు" అని చెప్పి వదిలేసిన వాటిలో. అప్పుడప్పుడు అంటే ఇంటావిడ దృష్టిలో వారానికోసారి, పనావిడ దృష్టిలో దసరాకోసారి. దీనికి ఒక సులువు ఉంది. వారపు పనులన్నిటినీ ఒక్క రోజున పడేయకుండా రోజుకు ఒకటి చొప్పున పంచాలి: సోమవారం బాల్కనీ, బుధవారం వంటింటి గట్టు వెనక పలకలు, శుక్రవారం పూజగది ముందు ఎలాగూ కడుగుతాం కనుక దానితోపాటు గుమ్మాలు, శనివారం ఫ్యాన్ల రెక్కలు లేదా అల్మారాల పైభాగాలు. పదిహేను నిమిషాలకు మించని పని రోజుకు ఒకటే కనుక ఆవిడకు బరువనిపించదు, మనకూ నెలలో ఇల్లంతా ఒకసారి తిరిగినట్టవుతుంది. బూజులు దులపడం, పరదాలు ఉతకడం, పండగ ముందు ఇల్లు కడగడం మాత్రం నెలజీతంలో లేని పనులని ముందే చెప్పి, వాటికి విడిగా డబ్బు ఇవ్వాలి. సంక్రాంతికి రెండు రోజుల ముందు చీర ఒకటి చూపించి నాలుగు రోజుల పని చేయించుకోవడం మన ఇళ్లలో పాత అలవాటే గానీ, చీర పండగ కానుక అవుతుంది తప్ప కూలి కాదు.

స్నానాల గది, మరుగుదొడ్డి విషయం నసగకుండా అడగాలి. ఆ పని తాము చేయబోమని కొందరు ముందే చెబుతారు. అది వారి ఇష్టం, దానిమీద ఒత్తిడి తేకూడదు. చేస్తానంటే దానికి ప్రత్యేకంగా డబ్బు, పొడుగు చేతి బ్రష్షు, రబ్బరు తొడుగులు ఇవ్వాలి. ఒక్క జాగ్రత్త తప్పనిసరిగా చెప్పాలి: బాత్‌రూముల్లో వాడే యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఎన్నడూ కలపకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, తలుపు మూసిన చిన్న గదిలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. రెండు సీసాలూ ఒకేచోట పెట్టకుండా ఉండడం ఇంకా మంచిది. అలాగే నాలుగో అంతస్తు కిటికీ అద్దాలను బయటివైపునుంచి తుడవమనీ, పిట్టగోడ ఎక్కమనీ ఎవరూ అడగకూడదు, ఆవిడ తనంతట తాను ఎక్కబోయినా దించాలి.

జీతం అదే రోజు ఖాయం చేసుకోకుండా పది రోజులు చూద్దామని ఇద్దరూ ఒప్పుకోవడం నాకు బాగా పనికొచ్చింది. పదకొండో రోజున మళ్లీ కూర్చుని, అనుకున్న సమయం సరిపోతోందా అని అడిగి, అప్పుడు అంకె తేల్చుకుంటాం. ఆ పది రోజులకు ముందు అనుకున్న లెక్కన డబ్బు ఇస్తాం. కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించడం మంచిదే. ఆవిడకు చదువు రాకపోతే చదివి వినిపించాలి, లేదా అవే మాటలు వాట్సాప్‌లో గొంతుతో పంపితే ఇంటికెళ్లి పిల్లలతో కలిసి మళ్లీ వినుకుంటుంది.

"ఎలాగూ వచ్చావు కదా"

ఒప్పుకున్న పనిని మెల్లగా పెంచేసే మాట ఒకటుంది: "ఎలాగూ వచ్చావు కదా, ఈ ఒక్కటీ చేసేసి వెళ్లు." ఆ ఒక్కటి కొత్తిమీర ఒలవడం కావచ్చు, కింద దుకాణంనుంచి పెరుగు ప్యాకెట్టు తేవడం కావచ్చు, పాపను పది నిమిషాలు చూస్తుండడం కావచ్చు. ఏదీ పెద్ద పని కాదు, అందుకే కాదనడం కష్టం. కానీ రోజుకు పది నిమిషాలంటే నెలకు ఐదు గంటలు, ఆ ఐదు గంటలూ ఆవిడ తరువాతి ఇంట్లో మాట పడి తెచ్చుకున్నవి. ఇంకా గమనిస్తే, మూడుసార్లు అడిగి చేయించుకున్న పని నాలుగోసారి అడగకుండానే ఆవిడ బాధ్యత అయిపోతుంది. చేయని రోజు మనకు లోటుగా కనిపిస్తుంది.

దీనికి మా ఇంట్లో పెట్టుకున్న నియమం ఒక్కటే: ఒకటి కలిపితే ఒకటి తీసేయాలి, తీసేయడానికి ఏమీ లేకపోతే డబ్బు ఇవ్వాలి. మాట కూడా ఆ ప్రకారమే ఉండాలి. "ఇవాళ చుట్టాలొచ్చారమ్మా, అంట్లు రెట్టింపు ఉన్నాయి. బట్టలు నేను చూసుకుంటాను, బెడ్‌రూములు తుడవకపోయినా ఫర్వాలేదు, హాలు ఒక్కటి ఊడ్చి వెళ్లు" అంటే ఆవిడకు ఎంత పని ఉందో వెంటనే అర్థమవుతుంది. "ఇవాళ కొంచెం ఎక్కువుందమ్మా, సర్దుకో" అంటే సర్దుకోవలసింది ఆవిడ ఒక్కర్తే అవుతుంది. పెళ్లి, తద్దినం, పిల్లల పుట్టినరోజు వంటివి ముందు తెలిసేవే. కనీసం రెండు రోజుల ముందు చెబితే మిగతా ఇళ్లకు ఆలస్యమవుతుందని ఆవిడ చెప్పుకోగలదు. చంటిపిల్లను చూడడం, మంచం పట్టిన పెద్దలను కనిపెట్టుకుని ఉండడం మాత్రం ఇంటిపనికి తోకగా తగిలించకూడదు. వాటికి కావలసిన శ్రద్ధా ఓర్పూ వేరు, బాధ్యతా వేరు, జీతమూ వేరే ఉండాలి.

ఇక సింకులో కప్పు సంగతి. ఆవిడ అన్నీ తోమి, గట్టు తుడిచి, చేతులు కడుక్కున్న తరువాత ఇంట్లోంచి పని చేసుకుంటున్న ఒకాయన వచ్చి కాఫీ కప్పు సింకులో పెట్టి వెళతాడు. చాలా ఇళ్లలో పనావిడ తలనొప్పి అంటే ఇదే. ఫలానా వేళ తరువాత పడిన గిన్నెలు రేపటివి అని ఇంట్లో అందరికీ చెప్పాలి. రాత్రి భోజనాలయ్యాక కంచాల్లో మెతుకులు చెత్తబుట్టలో వేసి, మాడిన గిన్నెల్లో నీళ్లు పోసి ఉంచడం ఇంట్లోవారు చేయగల చిన్న పనే గానీ, నేను కొలిచి చూసినప్పుడు దానివల్ల అంట్లకు పట్టే సమయం పది నిమిషాలు తగ్గింది.

పని చెప్పే గొంతు ఒక్కటే ఉండాలి. అత్తగారు ముందు వంటిల్లు అంటే కోడలు ముందు బాత్‌రూము అంటుంది, ఒకరు పీచుతో తోమమంటే ఒకరు గీతలు పడతాయి స్పాంజి వాడమంటారు. ఇద్దరినీ కాదనలేక ఆవిడ మధ్యలో నలుగుతుంది, తప్పు మాత్రం ఆవిడ ఖాతాలో పడుతుంది. ఎవరు చెప్పాలో ఇంట్లో తేల్చుకుని ఆ మాట ఆవిడకు కూడా చెప్పండి. ఆ ఒకరు ఇంటావిడే అయి ఉండాలన్న నియమమేమీ లేదు, మగవాళ్లు కూడా ఈ లెక్క నేర్చుకోవచ్చు.

నచ్చని పనిని చెప్పే తీరు

"శుభ్రంగా" అన్న మాటకు ఒక్కో ఇంట్లో ఒక్కో అర్థం. అందుకే మొదటి వారం పక్కన ఉండి చేసి చూపించడం అవసరం: ఇత్తడి దీపాలకు చింతపండు, నాన్‌స్టిక్ పెనానికి మెత్తటి స్పాంజి, తుడిచే నీళ్లు రెండు గదులకోసారి మార్చడం. చూపించనిదానికి తప్పు పట్టకూడదు. తప్పు చెప్పవలసి వస్తే అదే రోజు, ఎవరూ లేనప్పుడు, ఒక్కటే చెప్పాలి. నెలరోజులు మనసులో పెట్టుకుని ఏడు తప్పులు ఒకేసారి దులిపేస్తే ఆవిడకు వినిపించేది కోపం ఒక్కటే. తోమిన గిన్నెను ఆవిడ ఎదుటే మళ్లీ తోమడం మాత్రం నోటితో తిట్టడం కంటే ఎక్కువ నొప్పిస్తుంది. టీ విడి గ్లాసులో పోసివ్వడం, మంచినీళ్లు అడిగించుకోవడం, మరుగుదొడ్డి వాడనివ్వకపోవడం వంటివి ఇంకా చేస్తున్న ఇల్లు ఆవిడనుంచి శ్రద్ధ ఆశించడం న్యాయం కాదని నా అభిప్రాయం.

నాగాలు

నాగా పెట్టడం గురించి పనిచేయించుకునేవారంతా ఎక్కువగా మాట్లాడతారు, కానీ కుదుర్చుకునే రోజున మాత్రం దాని ఊసెత్తరు. ఆఫీసులో మనకు వారానికి ఒకటో రెండో సెలవులున్నాయి. ఆవిడకు ఎన్ని ఉన్నాయో మొదటే చెప్పాలి. నెలకు నాలుగు రోజులు జీతంతో సెలవు, పండగలు వేరు, ఇంకా రాలేకపోతే ముందురోజు రాత్రో, ఉదయం ఏడులోపో ఫోను చేయాలి అన్నది నా దృష్టిలో సబబైన ఒప్పందం. మనకు కష్టం కలిగించేది రాకపోవడం కంటే రాని సంగతి తెలియకపోవడమే. అందుచేత ఫోను చేసిన నాగాకూ చేయని నాగాకూ తేడా చూపించాలి, చేసినప్పుడు "సరేనమ్మా" అనగలగాలి. ఫోను చేసిన రోజు కూడా విసుక్కుంటే తరువాతిసారి ఫోను ఆపేస్తుంది.

గోడమీది క్యాలెండరులో పాల లెక్క పక్కనే ఈ లెక్క కూడా రాసుకోవచ్చు. ఆవిడ చేత్తోనే సున్నా చుట్టిస్తే నెలాఖరున వాదన ఉండదు. నాగా అయిన మర్నాడు రెండు రోజుల గిన్నెలు సింకులో ఎదురుచూస్తూ ఉంటే ఆ సెలవు సెలవే కాదు, పనిని ఒక రోజు వాయిదా వేసినట్టు. కనీసం ఆ రోజు పడినవి ఇంట్లోవారు తోముకోవాలి. మనం పది రోజులు ఊరికి వెళ్లినప్పుడు జీతం కోయడం కూడా తగదు: నెలకు 4,500 రూపాయలు అనుకుంటే రోజుకు 150, పది రోజులకు 1,500 ఆవిడ ఇంటి ఖర్చులో తగ్గుతాయి, ఆ వేళను మనకోసమే ఖాళీగా ఉంచింది కనుక మరో ఇల్లు పట్టుకోలేదు కూడా.

తాను రాలేని రోజు కూతుర్ని పంపుతానంటే వయసు అడగాలి. 14 ఏళ్లలోపు పిల్లలను ఇంటిపనికి పెట్టుకోవడం 2006 అక్టోబరు నుంచి నిషిద్ధం, 2016 సవరణతో ఆ నిషేధం అన్ని పనులకూ వర్తించింది. పెద్దపిల్ల అయినా బడి మాన్పించి పంపుతుంటే, "ఇవాళ్టికి మేం చూసుకుంటాం, పిల్లను బడికి పంపండి" అనడమే సరైన జవాబు.

డబ్బు

జీతం చెప్పిన తేదీకి, వీలైతే ఆవిడ సొంత ఖాతాకే వెళ్లాలి. ఫోన్‌పే నంబరు భర్తదో కొడుకుదో ఇస్తే, అది ఆవిడ ఇష్టమేనా అని ఒకసారి విడిగా అడగండి. జీతం పెంచే నెల ఏదో ముందే చెబితే ప్రతిసారీ అడిగే ఇబ్బంది ఆవిడకు తప్పుతుంది. మా ఇంట్లో అది ఉగాది. చుట్టుపక్కల ఇళ్ల రేటు తెలుసుకోవడం సహజమే గానీ, అపార్టుమెంటువాళ్లంతా కూడబలుక్కుని ఇంతకు మించి ఇవ్వకూడదని కట్టడి చేయడం మాత్రం తప్పు. ఇంటిపనిని కనీస వేతనాల పరిధిలోకి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2007లోనే తెచ్చింది, అంటే ఇది దయ మీద నడిచే వ్యవహారం కాదని చట్టం ఎప్పుడో ఒప్పుకుంది.

జూన్‌లో స్కూలు ఫీజులప్పుడు అడ్వాన్సు అడగడం మామూలు. ఇవ్వగలిగితే ఇవ్వండి, ఇవ్వలేకపోతే వెంటనే చెప్పండి. ఇచ్చినప్పుడు ఎన్ని నెలల్లో కోస్తారో అప్పుడే తేల్చుకోవాలి: 6,000 ఇస్తే నెలకు వెయ్యి చొప్పున ఆరు నెలలు, కోసిన ప్రతిసారీ ఇద్దరి ఎదుటా క్యాలెండరు మీద రాసుకోవాలి. బాకీ ఉంది కదా అని కొత్త పని అంటగట్టకూడదు.

డబ్బు కాని సాయం కూడా ఒకటుంది. 2021 ఆగస్టులో మొదలైన, అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే ప్రభుత్వ ఈ-శ్రమ్ పోర్టల్‌లో ఇంటిపని చేసేవారు 16 నుంచి 59 ఏళ్లలోపు వారైతే పేరు నమోదు చేసుకోవచ్చు. ఏడాదికి 20 రూపాయలతో రెండు లక్షల ప్రమాద బీమా, 436 రూపాయలతో రెండు లక్షల జీవిత బీమా బ్యాంకు ఖాతా ద్వారా దొరుకుతాయి. ఆధారు, బ్యాంకు పుస్తకం తెచ్చుకోమని ఒక ఆదివారం పక్కన కూర్చుంటే అయిపోయే పని ఇది. ఆ రెండు బీమాలకూ కలిపి 456 రూపాయలు ఇంటివారే కట్టినా పండగ చీర ఖర్చు కంటే తక్కువే.

నెలకోసారి, మానేసేటప్పుడు

జీతం ఇచ్చే రోజున ఐదు నిమిషాలు కూర్చుని మాట్లాడడం అలవాటు చేసుకోండి. "ఏమైనా ఇబ్బందా?" అని అడిగితే "ఏం లేదమ్మా" అనే జవాబు వస్తుంది. "ఈ నెల ఏ పని ఎక్కువైంది? ఏ రోజు ఆలస్యమైంది?" అని అడిగితే అసలు సంగతి బయటికి వస్తుంది. బకెట్టు మోయలేకపోతున్నాననీ, డిటర్జెంటుకు వేళ్ల సందులు ఒరుస్తున్నాయనీ మా ఇంట్లో ఆవిడ చెప్పింది ఇలా అడిగినప్పుడే. బకెట్టుకు బదులు పైపు పెట్టించాం, వేళ్లకు తొడుగులు కొన్నాం.

ఎంత చేసినా కొన్నిచోట్ల పొసగదు. మానిపించాలనుకుంటే నెల ముందు చెప్పడం, లేదా నెల జీతం ఇచ్చి పంపడం మర్యాద. ఆవిడ మానేస్తానన్నా అదే గడువు అడగవచ్చు. అడ్వాన్సు లెక్క ఆ రోజే తేల్చుకోవాలి. వీలుంటే చివరి రెండు రోజులు పాత ఆవిడనూ కొత్త ఆవిడనూ ఇద్దరినీ రమ్మని, ఇద్దరికీ డబ్బులిచ్చి, మీరు కాసేపు పక్కగదిలోకి వెళ్లండి. ఏ పనికి నిజంగా ఎంతసేపు పడుతుందో, ఈ ఇంట్లో ఏ రోజు అంట్లు ఎక్కువ పడతాయో కొత్త ఆవిడకు మీకంటే పాత ఆవిడే సరిగ్గా చెబుతుంది.